ఐసీయూ వదిలి కోర్స్ కోఆర్డినేటర్‌గా వెళ్లాలా అని అడిగిన చెల్లెలికి

చదివే మిగతావాళ్ల కోసం ప్రశ్న ఏమిటో ముందు రెండు ముక్కల్లో చెప్తాను. అనంతపురంలో తొమ్మిదేళ్లుగా ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేస్తున్న చెల్లెలు అడిగింది. ఎమ్మెస్సీ నర్సింగ్ అయింది, కర్నూలులో ఒక ఆసుపత్రిలో క్రిటికల్ కేర్ నర్సింగ్ పోస్ట్ బేసిక్ డిప్లొమా (నర్సు అయ్యాక చేసే ప్రత్యేక కోర్సు) నడుస్తోంది, దానికి కోర్స్ కోఆర్డినేటర్‌గా రమ్మంటున్నారు. ఆ పనిలో అసలు ఏముంటుంది, క్లాసులు చెప్పడమేనా, ఆఫీసు ఫైళ్లా, ఐసీయూ వదిలేస్తే నేర్చుకున్నదంతా పోతుందా, ఐదేళ్ల బాబు ఉన్నాడు, రోజూ బస్సులో వెళ్లి రావచ్చా. అక్కా అని రాశావు కాబట్టి నేనూ నువ్వు అనే రాస్తున్నాను.

నాకు నర్సింగ్‌లో ఇరవై ఆరేళ్లు. మొదటి పదమూడేళ్లు క్యాజువాలిటీ, ఐసీయూ. తర్వాత ఐదేళ్లు ట్యూటర్. ఇప్పుడు ఎనిమిదేళ్లుగా కర్నూలులోనే నువ్వు అడుగుతున్న పనే చేస్తున్నాను. నా మాటైతే వెళ్లమనే. కానీ క్లాసులు చెప్పడానికి వెళ్తున్నానని మాత్రం అనుకోకు. ఈ కోర్సు నిలబడినా పడిపోయినా వార్డు డ్యూటీ లిస్టు దగ్గరే. స్టూడెంట్ నేర్చుకోవడం కోసం పేషెంట్ మంచం పక్కన నిలబడే గంటలు ఉంటాయి చూడు, వాటిని ఎవరూ లాక్కోకుండా కాపాడటమే నీ ఉద్యోగం. మిగతా పనులన్నీ ఆ గంటల కోసమే.

దేశంలో నర్సింగ్ చదువులకు నియమాలు పెట్టే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన పోస్ట్ బేసిక్ డిప్లొమాలు చాలా ఉన్నాయి. క్రిటికల్ కేర్, ఎమర్జెన్సీ, నియోనేటల్, ఆంకాలజీ, కార్డియో థొరాసిక్, న్యూరో, ఆపరేషన్ రూమ్, సైకియాట్రిక్, ఇంకా ఉన్నాయి. ఒక్కోటి ఏడాది. జీఎన్ఎమ్ (డిగ్రీ కాని నర్సింగ్ డిప్లొమా) అయినా బీఎస్సీ అయినా రిజిస్టర్డ్ నర్సు అయ్యుండాలి, కనీసం ఏడాది వార్డు అనుభవం ఉండాలి. అంటే నీ దగ్గరికి వచ్చేది ఇంటర్ పాసైన పిల్లలు కాదు, చేతికి పని వచ్చినవాళ్లు. నేను మొదలుపెట్టినప్పుడు మా దగ్గర నడిచిన సిలబస్‌లో సెలవులు, పరీక్షలు, ఇంటర్న్‌షిప్ తీసేస్తే మొదట నాలుగు వారాలు బ్లాక్ క్లాసులు (వరసగా క్లాసులే), ఆ తర్వాత 38 వారాలు క్లాసులూ వార్డూ కలిపి. వారానికి 40 గంటల్లో 10 థియరీ, 30 క్లినికల్. గుణిస్తే థియరీ 380 గంటలు, క్లినికల్ 1140. సిలబస్ మారినప్పుడు కూడా క్లినికల్ వైపే బరువు పెరిగింది. నువ్వు చేరే చోట ఏది నడుస్తోందో మొదటి రోజే కాపీ అడిగి తీసుకో, గంటలు నువ్వే సొంతంగా కూడి చూసుకో.

ఆ 1140 గంటలు ఎటు పోతాయో ఇప్పుడు చెప్తాను. కర్నూలు సంగతి నీకు తెలుసు కదా, నంద్యాల, ఆదోని, డోన్ నుంచే కాదు, తుంగభద్ర దాటి గద్వాల వైపు నుంచి, అటు రాయచూరు, బళ్లారి వైపు నుంచి కూడా కేసులు ఇక్కడికే వస్తాయి, 44వ నంబర్ హైవే యాక్సిడెంట్లు సరేసరి. వెంటిలేటర్ మీదున్న పేషెంట్‌కు ఒక నర్సు అని పుస్తకంలో ఉంటుంది. నైట్ డ్యూటీలో ఒక సిస్టర్ ముగ్గురిని చూస్తూ ఉంటుంది. అలాంటి చోట రిజిస్టర్డ్ నర్సు, అనుభవం ఉన్నది, వార్డు లెక్కలో జీతం పడనిది, పొద్దున ఎనిమిదింటికి వచ్చి ఎదురుగా నిలబడితే హెడ్ నర్సు ఏం చేస్తుంది? పని చెప్తుంది. ఆమెను నేను తప్పు పట్టను, ఆ కుర్చీలో నేనున్నా అదే చేస్తాను. కానీ పది రోజుల తర్వాత వెళ్లి అడిగితే మన స్టూడెంట్ పది రోజులూ ఆర్టీ ఫీడ్స్ (ముక్కు గొట్టంలోంచి ఆహారం) ఇచ్చింది, బీపీ చార్టు రాసింది, ల్యాబ్‌కు శాంపిల్స్ పంపింది, సీటీ స్కాన్‌కు పేషెంట్‌ను తీసుకెళ్లి తీసుకొచ్చింది. ఇవన్నీ ఆమెకు కోర్సులో చేరకముందే వచ్చు. వెంటిలేటర్ అలారం ఎందుకు మోగుతుందో మాత్రం ఇంకా తెలీదు. లెక్కలో మాత్రం ఆమెకు అరవై గంటల క్లినికల్ పడిపోయింది.

దీనికి మొదటి రెండేళ్లు నేను ఉత్తరాలు రాశాను. సూపరింటెండెంట్‌కు రాశాను, ప్రిన్సిపాల్‌తో రాయించాను. కాగితం కదిలింది కానీ వార్డులో ఏమీ మారలేదు. మారింది ఎప్పుడంటే, హెడ్ నర్సుల దగ్గర విడివిడిగా కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చినప్పుడు. షిఫ్టులో మొదటి మూడు గంటలు నావి. ఆ మూడు గంటలు స్టూడెంట్‌కు ఒకే పేషెంట్, ఒకే లక్ష్యం. ఈ రోజు ఏబీజీ (ధమని రక్తంలో ఆక్సిజన్, ఆమ్లం చూసే పరీక్ష) రిపోర్టు చదవడం, రేపు వెంటిలేటర్ వేవ్‌ఫామ్ (తెర మీద శ్వాస గీతలు) చూడటం, ఎల్లుండి ఇనోట్రోప్ (గుండెకు బలమిచ్చే మందు) డోసు లెక్క కట్టడం, అలా. ఆ గంటల్లో ఫోన్ మోగినా, బెడ్ ఖాళీ చెయ్యాల్సి వచ్చినా ఆమెను పిలవకూడదు. తర్వాతి గంటలు వార్డువి, అప్పుడు ఏ పని చెప్పినా చేస్తుంది, మొహం చిట్లించకుండా చేస్తుంది, ఆ పూచీ నాది. బదులుగా నేనేమిచ్చానంటే, వాళ్ల స్టాఫ్‌లో కొత్తగా చేరిన అమ్మాయిలకు కూడా మా డెమోల్లో చోటు. సీపీఆర్, సక్షన్ (గొంతులోంచి, ట్యూబులోంచి కఫం లాగడం), డీఫిబ్రిలేటర్ (గుండెకు షాక్ ఇచ్చే మెషీన్) అన్నీ మా ట్యూటర్లే నేర్పుతారు. ఇది పని చేసింది. నూటికి నూరు రోజులు కాదు. డెంగీ సీజన్‌లో ఒప్పందాలన్నీ ఆగిపోతాయి, అప్పుడు స్టూడెంట్లూ, నేనూ అందరం వార్డులోనే. అది కూడా నేర్చుకోవడమే. కానీ సీజన్ అయిపోగానే మళ్లీ వెళ్లి ఆ మూడు గంటలు అడిగి తెచ్చుకోవాలి, లేకపోతే అవి ఇక తిరిగిరావు.

ఇంకొకటి, వార్డుకు ఎప్పుడూ ఖాళీ చేతులతో వెళ్లకు. రిజిస్టర్ చంకలో పెట్టుకుని రౌండ్‌కు వచ్చే మేడమ్ అంటే సిస్టర్లకు మంట. వెళ్లగానే ఎవరికైనా పొజిషన్ మార్చాల్సి ఉంటే ఒక చెయ్యి వెయ్యి, సక్షన్ చెయ్యి, ఆ తర్వాత నీ స్టూడెంట్ గురించి అడుగు. అప్పుడు చెప్పే సమాధానం వేరుగా ఉంటుంది.

మంచం పక్కన నేర్చుకోవడం అని ఇంతగా ఎందుకు పట్టుబడుతున్నానో ఒక కేసు చెప్తే నీకే అర్థమవుతుంది. మన రాయలసీమలో పురుగుమందు తాగిన కేసులు చూడని ఐసీయూ నర్సు ఉండదు. మూడేళ్ల కిందట పత్తికొండ వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. మొదటి రోజు విరుగుడుగా అట్రోపిన్ నడిచింది, ఛాతీలో గరగర తగ్గింది, చంకలు పొడిబారాయి, పల్స్ నిలబడింది, కంటిపాప సూదిమొన నుంచి మామూలుకొచ్చింది. రెండో రోజు లేచి కూర్చుని నీళ్లడిగాడు. ఇంట్లోవాళ్లు గండం గడిచిందని దేవుడికి మొక్కుకున్నారు. మూడో రోజు పొద్దున నా స్టూడెంట్, నాలుగేళ్ల అనుభవం ఉన్న అమ్మాయి, హ్యాండోవర్ (షిఫ్టు మారేటప్పుడు పేషెంట్ అప్పగింత) తీసుకుని అన్నీ బాగున్నాయి మేడమ్ అంది. చార్టులో నిజంగానే అన్నీ బాగున్నాయి. నేను దిండు మీద నుంచి తల ఎత్తమని అడగమన్నాను. ఆ అమ్మాయి అడిగింది, పెద్దాయనా, ఒక్కసారి తల పైకెత్తు అని. ఆయన ప్రయత్నం చేశాడు. మెడ నరాలు బిగిశాయి, తల మాత్రం దిండు వదల్లేదు. ఎత్తేకి కాలేదమ్మా అన్నాడు, సిగ్గుపడినట్టు.

ఇంటర్మీడియట్ సిండ్రోమ్ అంటే అదే. విషం తాగిన 24 నుంచి 96 గంటల మధ్య, అట్రోపిన్‌తో అన్నీ సర్దుకున్నాయనుకున్న టైములో, కండరాలు సడలిపోతాయి, మొదట మెడ, తర్వాత ఊపిరి తీసే కండరాలు. అట్రోపిన్ దీనికి పనిచెయ్యదు, ఊపిరికి వెంటిలేటరే ఆసరా. డ్యూటీ డాక్టర్‌ను పిలిచాం, రైతు శ్వాస కూడా చిన్నదైపోతోందని చూసి డాక్టర్ తొందర పడకుండా, అన్నీ సిద్ధం చేసుకుని వెంటిలేటర్ కోసం గొంతులోకి ట్యూబ్ వేశారు. అదే మధ్యాహ్నం దాకా ఎవరూ అడక్కపోతే, ఊపిరి ఆగాక పరిగెత్తి వెయ్యాల్సి వచ్చేది. పదకొండు రోజుల తర్వాత ఆయన నడిచి ఇంటికి వెళ్లాడు. నేను ఈ సంగతి ఆ బ్యాచ్‌కు క్లాసులో స్లైడ్ వేసి అంతకుముందే చెప్పాను, అందరూ రాసుకున్నారు, పరీక్షలో అడిగితే అందరూ రాసేవాళ్లే. కానీ ఆ రోజు పొద్దున హ్యాండోవర్‌లో తల ఎత్తమని అడగాలని ఎవరికీ తట్టలేదు. ఇప్పుడు ఆ అమ్మాయి కడపలో ఐసీయూ ఇన్‌చార్జి, పురుగుమందు కేసులో ప్రతి షిఫ్టు హ్యాండోవర్‌కు తల ఎత్తించడం తన వార్డులో రూలు చేసింది. కోర్సు అంటే నాకు ఇది.

పాము కాటూ అలాగే. వేరుశనగ పొలాల్లో రక్తపింజర కరిచి వచ్చేవాళ్లకు 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష చేస్తాం కదా, శుభ్రంగా ఉన్న పొడి గాజు ట్యూబులో కొద్దిగా రక్తం పోసి, 20 నిమిషాలు కదపకుండా పెట్టి, ఒక్కసారి వంచి చూడాలి. చూడ్డానికి ఇంతకన్నా తేలిక పరీక్ష లేదు. కానీ ప్లాస్టిక్ ట్యూబులో పోస్తే తప్పు వస్తుంది, సబ్బు నీళ్లతో కడిగిన ట్యూబైతే తప్పు వస్తుంది, మధ్యలో ఐదు నిమిషాలకోసారి ఎత్తి చూస్తే తప్పు వస్తుంది. విషానికి విరుగుడైన యాంటీ వీనమ్ ఇవ్వాలా వద్దా, మళ్లీ ఇవ్వాలా అన్నది ఆ ట్యూబు మీద ఆధారపడి ఉంటే, ఆ ట్యూబు ఎక్కడిదో అడిగే నర్సు కావాలి. ఇది స్కిల్ ల్యాబ్‌లో రాదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. కోఆర్డినేటర్ కాకముందు, ట్యూటర్‌గా ఉన్నప్పుడు, వేరే చోట పనిచేసేదాన్ని. ఇన్‌స్పెక్షన్ వారంలో ఉందనగా లాగ్ బుక్కులు (స్టూడెంట్ ఏ పని ఎన్నిసార్లు చేసిందో రాసే పుస్తకాలు) నిండలేదని పైనుంచి ఒత్తిడి. రెండు రోజులు కూర్చుని సంతకాలు పెట్టాను. సక్షన్ 20, ఏబీజీ 10, ఇంట్యుబేషన్‌కు (గొంతులో ట్యూబ్ వెయ్యడానికి) సహాయం 5, అన్నీ ఒకే పెన్నుతో, ఒకే సిరాతో. చూసినవి కొన్ని, చూడనివి చాలా. ఇన్‌స్పెక్షన్ బాగా జరిగింది, మెచ్చుకున్నారు కూడా. తర్వాత నెలలో అదే బ్యాచ్ అమ్మాయి ఒకతి నైట్ డ్యూటీలో ట్యూబ్ బ్లాక్ అయిన పేషెంట్ ముందు బిగుసుకుపోయి నిలబడిపోయింది. సీనియర్ సిస్టర్ పక్క బెడ్ దగ్గర ఉండబట్టి సరిపోయింది, పేషెంట్‌కు ఏమీ కాలేదు. పొద్దున ఆ అమ్మాయి ఏడుస్తూ నా దగ్గరికి వచ్చి, నాకు చెయ్యడం రాదు మేడమ్, మీరు సంతకం పెట్టారు కదా, వచ్చిందేమో అనుకున్నాను అంది. ఆ మాట నేను మర్చిపోలేదు. ఎందుకంటే ఆ అమ్మాయి అబద్ధం ఆడలేదు, నా సంతకాన్ని నమ్మింది, అంతే.

అప్పటి నుంచి నా రూలు ఒకటే. చూసిన రోజే సంతకం, చూడని దానికి లేదు, ఎవరు చెప్పినా లేదు. రెండోది, నేర్పినవాళ్లు ఒకరు, వచ్చిందని సంతకం పెట్టేవాళ్లు ఇంకొకరు. బ్రిటన్‌లో నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కౌన్సిల్ 2018లో ఈ రెండు పనులనూ విడగొట్టింది, వార్డులో నేర్పే సూపర్‌వైజర్ వేరు, పాస్ చేసే అసెసర్ వేరు. మన దగ్గర అంత మంది లేరు, కానీ రెండు వార్డుల మధ్య మార్చుకోవచ్చు. మెడికల్ ఐసీయూలో నేర్చుకున్నది సర్జికల్ ఐసీయూ సిస్టర్ చూసి సంతకం పెడుతుంది. మొదట్లో వాళ్లకు ఇది అవమానంగా అనిపించింది, మా పిల్లను మేం నేర్పితే వాళ్లు చూసేదేంటి అని. ఆర్నెల్లలో అలవాటైంది. లాగ్ బుక్కులు ఇప్పుడు నెమ్మదిగా నిండుతాయి, ఇన్‌స్పెక్షన్ రోజుకు కొన్ని ఖాళీలుంటాయి, ఎందుకున్నాయని అడిగితే చెప్పడానికి నా దగ్గర సమాధానం ఉంటుంది.

భాష గురించి ఎవరూ నీకు చెప్పరు కాబట్టి నేను చెప్తాను. మన జిల్లాల నుంచి వచ్చే నర్సుల్లో చాలామంది టెన్త్ దాకా తెలుగు మీడియం. పేషెంట్‌ను చూసి ఏం జరుగుతోందో చక్కగా చెప్పగలరు, అదే ఇంగ్లీషులో కేస్ ప్రెజెంటేషన్ అనేసరికి పాత సీనియర్ ఫైలు తెచ్చి పేరు మార్చి కాపీ చేస్తారు. దాంతో వాళ్లకు తెలిసింది కూడా కనపడకుండా పోతుంది. నేను ఏం చేస్తానంటే, కేసు ముందు తెలుగులో నోటితో చెప్పమంటాను, మంచం పక్కనే, ఐదు నిమిషాలు. ఈయనకు ఏమైంది, ఈ రాత్రి నీకు దేని గురించి టెన్షన్, అది జరక్కుండా ఏం చేస్తావు, ఈ మూడే. ఆ తర్వాత అదే ఇంగ్లీషులో రాసుకురమ్మంటాను, గ్రామర్ నేను దిద్దుతాను, విషయం మాత్రం తనదే ఉండాలి. మొదటి రెండు నెలలు దిద్దడానికి రాత్రిళ్లు పడతాయి, ఒప్పుకుంటాను. ఆదోని నుంచి వచ్చిన ఒకమ్మాయి మొదటి కేర్ ప్లాన్‌లో నాలుగు లైన్లే రాసింది, కానీ ఆ నాలుగు లైన్లూ ఆ పేషెంట్‌వే. కాపీ కొట్టిన పన్నెండు పేజీల కన్నా దానికే ఎక్కువ మార్కులు వేశాను. క్లాసు మొత్తానికి విషయం అర్థమైపోయింది.

ఇన్‌సర్వీస్‌లో డిప్యుటేషన్ మీద వచ్చేవాళ్లు ఉంటారు. నలభై దాటినవాళ్లు, నీకన్నా సర్వీసు ఎక్కువున్నవాళ్లు. వాళ్లను స్టూడెంట్ అని పిలవడానికి నీకూ ఇబ్బందే, పిలిపించుకోవడానికి వాళ్లకూ ఇబ్బందే. వాళ్లతో అక్కా అనే మాట్లాడు, గౌరవం తగ్గించకు, కానీ అటెండెన్స్‌లోనూ, పరీక్షలోనూ తేడా చూపించకు. వాళ్లకు ఇంజెక్షన్, క్యాన్యులా నేర్పబోతే నవ్వుతారు, ఏబీజీ దగ్గర మాత్రం భయపడతారు, ఆ భయం పదిమందిలో బయటపడకుండా చూసుకోవడం నీ పని. నేను వాళ్లకు ఏబీజీ, ఈసీజీ విడిగా, సాయంత్రం పూట, టీ తాగుతూ చెప్తాను. ఇంటి సంగతులు కూడా నీ టేబుల్ మీదికే వస్తాయి. అత్తగారికి ఒంట్లో బాగోలేదు, పిల్లాడి టెన్త్ పరీక్షలు, భర్త నైట్ డ్యూటీ వద్దంటున్నాడు. ఇది రెసిడెన్సీ కోర్సు, అంటే ఆసుపత్రిలో డ్యూటీ చేస్తూ చదివేది, నైట్ డ్యూటీ లేకుండా కుదరదు, ఆ మాట అడ్మిషన్ రోజే, వీలైతే ఇంట్లోవాళ్ల ముందే చెప్పెయ్యాలి. తర్వాత చెప్తే గొడవ.

ఫైళ్ల సంగతికొస్తే, ఉంటాయి, తప్పదు. మాస్టర్ రొటేషన్ ప్లాన్ (ఎవరు ఎప్పుడు ఏ వార్డులో అన్న పట్టిక), అటెండెన్స్, ఇంటర్నల్ మార్కులు, అఫిలియేషన్ కాగితాలు, ఇన్‌స్పెక్షన్. పరీక్షకు కూర్చోవడానికి 80 శాతం అటెండెన్స్, డిప్లొమా చేతికి రావడానికి క్లినికల్ 100 శాతం. ఈ రెండోది స్టూడెంట్లకు చివర్లో తెలుస్తుంది, అప్పుడు ఏడుపులు, కాబట్టి నెలనెలా ఎవరికి ఎన్ని గంటలు బాకీ ఉన్నాయో గోడ మీద అంటించు. రిజిస్ట్రేషన్ సంగతి అడ్మిషన్‌లోనే చూడు. వేరే రాష్ట్రంలో చదివి వచ్చినవాళ్లకు మన కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉందో లేదో సర్టిఫికెట్ చేతిలో పట్టుకుని చూడాలి, వస్తుంది మేడమ్ అంటే ఒప్పుకోవద్దు. ఇంకో మాట, 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో పార్లమెంటు నేషనల్ నర్సింగ్ అండ్ మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. ఇలాంటి మార్పులు జరిగేటప్పుడు సర్క్యులర్లు చాలా వస్తాయి, వాట్సాప్‌లో తిరిగేవి నమ్మొద్దు, కౌన్సిల్ వెబ్‌సైట్లో చూసి ప్రింట్ తీసి ఫైల్లో పెట్టు.

డాక్టర్ల లెక్చర్లు వేస్తావు, సగం రద్దవుతాయి. ఆపరేషన్ ఉందనో, క్యాజువాలిటీ పిలిచిందనో. అది వాళ్ల తప్పు కాదు, కానీ ముప్పైమంది ఖాళీగా కూర్చుంటారు. ప్రతి లెక్చర్‌కూ వెనకాల ఒక ట్యూటర్‌ను ఒక కేసుతో సిద్ధంగా ఉంచు, అంతే.

ఐసీయూ వదిలేస్తే చేతికొచ్చిన పని పోతుందా అని అడిగావు. పోతుంది, జాగ్రత్త పడకపోతే కచ్చితంగా పోతుంది. రెండేళ్లు వెంటిలేటర్ ముట్టుకోకుండా ఉండి మూడో ఏడు పిల్లలకు వెంటిలేటర్ చెప్తుంటే, నువ్వు చెప్పేది పాత మెషీన్ గురించి అని వాళ్లకు పది నిమిషాల్లో తెలిసిపోతుంది. నేను గురువారాలు మెడికల్ ఐసీయూలో పొద్దున షిఫ్టు చేస్తాను, ఒక పేషెంట్‌ను తీసుకుని, హ్యాండోవర్ నుంచి హ్యాండోవర్ దాకా. ఎవరూ అడగలేదు, నేనే రాయించుకున్నాను. ఆ రోజు స్టూడెంట్లు నన్ను చూస్తారు. నేను కఫ్ ప్రెషర్ (గొంతు ట్యూబు చుట్టూ ఉండే బుడగలో గాలి ఒత్తిడి) కొలిచి రాయడం, తల వైపు బెడ్ 30 డిగ్రీలకు ఎత్తడం, ప్రతిసారీ చేతులు రుద్దుకోవడం, మర్చిపోతే పక్క సిస్టర్ గుర్తు చెయ్యడం, అన్నీ చూస్తారు. ఆ గురువారం లేకపోతే ఈ ఉద్యోగంలో నేను ఇన్నేళ్లు ఉండేదాన్ని కాదు.

పై చదువు ఆలోచన ఉంటే, నీ స్టూడెంట్లలో బీఎస్సీ చేసినవాళ్లకు నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ అని రెండేళ్ల పీజీ ఉంది, అది కూడా రెసిడెన్సీయే. జీఎన్ఎమ్ మాత్రమే ఉన్నవాళ్లకు అది కుదరదు, ముందు పోస్ట్ బేసిక్ బీఎస్సీ చెయ్యాలి. ఈ దారి ఎవరికి పడుతుందో మొదటి నెలలోనే గుర్తుపట్టి చెప్పు, ఎందుకంటే చాలామంది ఈ డిప్లొమా తర్వాత నేరుగా విదేశం వెళ్లిపోవచ్చనుకుని చేరతారు. విదేశానికి కావాల్సింది ముందు రిజిస్ట్రేషన్, అనుభవం, భాషా పరీక్ష. డిప్లొమా వాటికి బలం ఇస్తుంది కానీ వాటి బదులు పనికిరాదు. వెళ్లేవాళ్లను వెళ్లొద్దనకు. వాళ్లకూ ఇల్లుంది, అప్పులున్నాయి. ఉన్నన్నాళ్లు బాగా నేర్పు.

చేరేముందు నువ్వు అడగాల్సినవి జీతం కాక ఇంకా ఉన్నాయి. రొటేషన్ ప్లాన్ మీద చివరి మాట ఎవరిది, నీదా, నర్సింగ్ సూపరింటెండెంట్‌దా? వార్డులో కొరత వస్తే స్టూడెంట్లను స్టాఫ్ బదులు వేసే అలవాటు ఉందా? ఇది ఆఫీసులో అడక్కు, సాయంత్రం ఐసీయూ బయట కూర్చుని పాత బ్యాచ్ వాళ్లను అడుగు. నీకు ట్యూటర్లు ఎంతమంది, వాళ్లను వేరే కోర్సులకు కూడా వాడతారా? పోయిన ఏడాది లాగ్ బుక్ ఒకటి చూపించమను. అన్ని పేజీలూ ఒకే సిరాతో ఉంటే ఆ చోటు ఎలాంటిదో నీకు తెలిసినట్టే. అయినా చేరొచ్చు, కానీ చేరేముందే ఆ సంతకాల పద్ధతి నేను మారుస్తానని వాళ్ల ముఖం మీద చెప్పి, ఒప్పుకుంటేనే చేరు.

ఇక రోజూ వెళ్లి రావడం. అనంతపురం నుంచి కర్నూలుకు దాదాపు నూట యాభై కిలోమీటర్లు, రోడ్డు బాగుంది, బస్సులున్నాయి, చాలామంది చేస్తున్నారు కూడా. నువ్వు మాత్రం మొదటి బ్యాచ్‌కు చెయ్యొద్దు. పొద్దున ఎనిమిదింటి హ్యాండోవర్‌లో నువ్వు కనపడాలి, నెలకు రెండు మూడు రాత్రులైనా చెప్పకుండా వార్డుకు వెళ్లాలి, నైట్ డ్యూటీలో మన పిల్లలు ఏం చేస్తున్నారో, వాళ్లతో ఏం చేయిస్తున్నారో రాత్రి రెండింటికే తెలుస్తుంది. బాబును ఈ ఏడు ఒకటో తరగతికి ఇక్కడే చేర్పించు, ఆసుపత్రికి నడిచివెళ్లే దూరంలో ఇల్లు చూసుకో, అమ్మ గానీ అత్తగారు గానీ ఒక ఏడాది వచ్చి ఉండగలరేమో ఇప్పుడే మాట్లాడు. అడ్మిషన్లు మొదలయ్యేలోపు వచ్చి ఒక గురువారం నాతో షిఫ్టు చేసి చూడు. పర్మిషన్ నేను తీసుకుంటాను, నువ్వు యూనిఫాం తెచ్చుకో.